ఆల్ట్ పక్కన ఎంటర్ ఎందుకు చేరింది?

విశాఖ పూర్ణా మార్కెట్‌లో బేరమాడేవాళ్లు ఒక కొట్లో రేటు తెగకముందే పక్క కొట్లోనూ అడిగి చూస్తారు. మొదటి బేరం చెడదు, రెండోది మొదలవుతుంది. బ్రౌజర్‌లో ఒక పేజీ పోకుండా ఇంకోటి తెరిచే ఈ వెసులుబాటు మొదట్లోనే వచ్చింది, తర్వాత పోయింది, చాలాకాలానికి మళ్లీ వచ్చింది.

1990 చివర్లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ రాసిన తొలి బ్రౌజర్‌లో లింకు నొక్కితే ఆ పేజీ వేరే విండోలో తెరుచుకునేది. అడ్రస్ బార్ మాత్రం లేదు. చిరునామా ఇవ్వాలంటే మెనూలోకి వెళ్లాల్సిందే. 1993లో మొజాయిక్ బ్రౌజర్ వచ్చాక పాత పేజీని తోసేసి కొత్తది అదే విండోలో కూర్చోవడం ఆనవాయితీ అయింది. రెండు పేజీలు పక్కపక్కన చూడాలంటే ఇంకో విండో తెరవాల్సి వచ్చేది. నెట్‌స్కేప్‌లో దానికి కంట్రోల్+ఎన్ ఉండేది. చిరునామా అడిగే పెట్టె కోసం కంట్రోల్+ఎల్ నొక్కేవారు. ఎల్ అంటే లొకేషన్.

మైక్రోసాఫ్ట్ వాళ్ల దారి వేరు. విండోస్‌లో ఆల్ట్‌తో పాటు పేరులో కింద గీత ఉన్న అక్షరాన్ని నొక్కితే ఆ చోటికి వెళ్తాం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆల్ట్+ఏ అప్పటికే ఫేవరెట్స్ మెనూకి పోయింది. దాంతో అడ్రస్ బార్‌కి ఆ మాటలోని డీ మిగిలింది. ఇవాళ క్రోమ్‌లోనూ ఆల్ట్+డీ, కంట్రోల్+ఎల్ రెండూ పనిచేస్తాయి. పోటీ కంపెనీల అలవాట్లు ఇలా ఒకే కీబోర్డు మీదికి చేరాయి.

విండోలు పెరిగి టాస్క్‌బార్ ఇరుకయ్యేసరికి ట్యాబ్‌ల అవసరం కనిపించింది. బుక్‌లింక్ సంస్థ బ్రౌజర్ ఇంటర్నెట్‌వర్క్స్ 1994లోనే ట్యాబ్‌లు చూపించింది కానీ జనంలోకి పోలేదు. తర్వాత ఆడమ్ స్టైల్స్ నెట్‌క్యాప్టర్ అనే బ్రౌజర్‌తో ట్యాబ్‌లను కొంత జనంలోకి తెచ్చాడు. 2001 అక్టోబరులో మొజిల్లా 0.9.5 ట్యాబ్‌లతో వచ్చింది. కొత్త ట్యాబ్‌కి కంట్రోల్+టీ కుదిరింది.

పేచీ వచ్చింది ఎంటర్ దగ్గర. మొజిల్లాలో చిరునామా రాసి కంట్రోల్+ఎంటర్ కొడితే పేజీ కొత్త ట్యాబ్‌లో వచ్చేది. ఎక్స్‌ప్లోరర్‌లో అవే రెండు కీలకు వేరే పని ఉండేది: రాసిన మాటకు ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, వెనక డాట్ కామ్ తగిలించడం. అప్పటికి లోకంలో ఎక్కువమంది వాడేది ఎక్స్‌ప్లోరరే. అందుకే మొజిల్లా ఇంట్లోనే పుట్టిన ఫైర్‌ఫాక్స్ సొంత ఇంటి పద్ధతి వదిలి, కంట్రోల్+ఎంటర్‌ను డాట్ కామ్‌కే ఉంచింది. కొత్త ట్యాబ్‌కు ఆల్ట్+ఎంటర్ ఇచ్చింది. 2006 అక్టోబరులో ఎక్స్‌ప్లోరర్ 7కి ట్యాబ్‌లు వచ్చినప్పుడు అది కూడా ఆల్ట్+ఎంటర్‌నే తీసుకుంది. 2008లో వచ్చిన క్రోమ్‌దీ అదే దారి. పాత మొజిల్లా వారసుడు సీమంకీ మాత్రం తన కంట్రోల్+ఎంటర్‌ను వదల్లేదు.

ఇందులో పేటెంటు పోరు లేదు, ప్రమాణాల సంఘం తీర్పూ లేదు. జనం వేళ్లకు ఏది అలవాటైతే దాన్ని చెడగొట్టకూడదన్న భయమే ఈ కీలను స్థిరపరిచింది.

అయితే ఆ అలవాటు పుట్టిన కాలం లెక్కలన్నీ మనకు సరిపోవు. వైజాగ్‌స్టీల్ అని రాసి కంట్రోల్+ఎంటర్ కొడితే ఉక్కు కర్మాగారం సైటుకే వెళ్తాం, దాని చివర డాట్ కామ్ ఉంది గనుక. నెట్ సెంటర్లో రోజూ తెరిచే ప్రభుత్వ సైట్లేమో ఎక్కువగా డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తాయి. అక్కడ ఆ కిటుకు పారదు, చిరునామా పూర్తిగా రాయాల్సిందే. ఆల్ట్+ఎంటర్‌కు ఆ తేడా లేదు. తోక ఏదైనా దానికొకటే. దరఖాస్తు సగం నింపిన పేజీ చెదరకుండా ఫీజు వివరాలు చూడాలంటే కంట్రోల్+ఎల్ నొక్కి, చిరునామా రాసి, ఆల్ట్+ఎంటర్ కొట్టండి.