మండే సిలువ ఎక్కడినుంచి వచ్చింది?

మన పిల్లల హైస్కూలు చరిత్ర పుస్తకాల్లో ఒక బొమ్మ కనిపిస్తూ ఉంటుంది. తలనుంచి పాదాలదాకా తెల్లటి ముసుగులు వేసుకున్న మనుషులు, వాళ్ళ వెనక మండుతున్న సిలువ. వీళ్ళెవరని పిల్లలు అడిగితే మనలో చాలామందిమి, "అదంతా మనం రాకముందు సంగతి, తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య గొడవ" అని దాటవేస్తాం. ఆ జవాబు సరైనది కాదు. ఆ గొడవలో మన ప్రస్తావన కూడా ఉంది. మనం ఈ దేశంలో అడుగు పెట్టగలగడానికీ ఆ గొడవకూ సంబంధం ఉంది. ఇంకో విశేషం: బొమ్మలోని ఆ మండే సిలువ చరిత్రలో పుట్టలేదు, నవలలో పుట్టింది.

ముందు అసలు చరిత్ర చూద్దాం. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. ఆ వెంటనే టెనెసీ రాష్ట్రంలోని పులాస్కీ అనే చిన్న ఊళ్ళో, ఓడిపోయిన దక్షిణాది సైన్యంలో పనిచేసిన ఆరుగురు యువకులు కూ క్లక్స్ క్లాన్ అనే రహస్య సంఘం పెట్టుకున్నారు. మొదట వేషాలూ వేళాకోళాలూ. అనతికాలంలోనే అది దక్షిణాది అంతటా పాకి, ఓటు వేయబోయిన నల్లవారినీ, వాళ్ళ పిల్లలకు చదువు చెప్పే పంతుళ్ళనూ రాత్రివేళ కొట్టి చంపే ముఠా అయింది. 1871లో కాంగ్రెసు దీన్ని అణచడానికి ప్రత్యేక చట్టం చేసింది. ప్రెసిడెంటు గ్రాంట్ సౌత్ కెరొలైనాలో తొమ్మిది కౌంటీలకు సైన్యాన్ని పంపి వందలమందిని అరెస్టు చేయించాడు. సంఘం చెదిరిపోయింది. ప్రభుత్వం గట్టిగా తలచుకుంటే ఇటువంటివి అణగుతాయనడానికి అదొక నిదర్శనం. కాని 1877 నాటికి ఆ పట్టుదల సడలింది, సైన్యం వెనక్కు తగ్గింది. ఆ తరువాత నల్లవారి ఓటుహక్కును చట్టాలతోనే ఊడబెరికారు. చట్టం చాలనిచోట తుపాకులు వచ్చాయి. 1898 నవంబరు 10న నార్త్ కెరొలైనాలోని విల్మింగ్టన్‌లో తెల్లవాళ్ళ గుంపు నల్లవారిని చంపి, ప్రజలు ఎన్నుకున్న నగరపాలక వర్గాన్ని బలవంతంగా దించేసింది.

గమనించవలసిన సంగతేమిటంటే ఆ మొదటి క్లాన్ సిలువలు కాల్చలేదు. వాళ్ళ వేషాలు కూడా ఒక్క తీరుగా లేవు, ఎవరికి దొరికిన గుడ్డతో వాళ్ళు కుట్టుకున్నారు.

సిలువను తెచ్చినవాడు థామస్ డిక్సన్. నార్త్ కెరొలైనావాడు, కొంతకాలం చర్చిలో బోధకుడు. 1905లో "ది క్లాన్స్‌మన్" అనే నవల రాశాడు. అందులో నల్లవారు మృగాలు, క్లాన్ వాళ్ళు ధర్మాన్ని నిలబెట్టే వీరులు. పూర్వం స్కాట్లండు తెగల్లో యుద్ధానికి పిలుపుగా ఊరూరా తిప్పే అగ్ని సిలువ ఉండేదని సర్ వాల్టర్ స్కాట్ తన కావ్యంలో వర్ణించాడు. డిక్సన్ ఆ సిలువను ఎరువు తెచ్చుకుని క్లాన్ వీరుల చేతుల్లో పెట్టాడు. 1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ ఆ నవలను "ది బర్త్ ఆఫ్ ఎ నేషన్" పేరుతో మూడు గంటల మూకీ చిత్రంగా తీశాడు. డిక్సన్‌కు కాలేజీనాటి పరిచయస్థుడైన ప్రెసిడెంటు విల్సన్ దాన్ని వైట్‌హౌస్‌లోనే చూశాడు. నల్లవారి సంఘాలు ఊరూరా నిరసన తెలిపాయి, ఒహాయో, కాన్సస్ రాష్ట్రాలు నిషేధించాయి. అయినా జనం విరగబడి చూశారు.

ఆ ఏడాదే థాంక్స్‌గివింగ్ రాత్రి జార్జియాలో విలియం సిమ్మన్స్ అనే అతను పదిహేనుమందికి అటూ ఇటూగా మనుషుల్ని వెంటబెట్టుకుని స్టోన్ మౌంటెన్ అనే కొండ ఎక్కి సిలువ కాల్చాడు. నలభై ఏళ్ళ క్రితం చచ్చిపోయిన క్లాన్ అలా మళ్ళీ పుట్టింది. కొద్దిరోజులకు సినిమా అట్లాంటాకు వస్తే, పత్రికలో సినిమా ప్రకటన పక్కనే తన సంఘం ప్రకటన వేయించాడు.

1920 నుంచి జీతానికి ప్రచారకుల్ని పెట్టుకుని దాన్నొక వ్యాపారంగా నడిపారు. సభ్యత్వ రుసుము 10 డాలర్లు, అందులో 4 డాలర్లు చేర్పించినవాడికి కమిషను. నల్లవారితోబాటు కాథలిక్కులూ, యూదులూ, వలస వచ్చినవారూ శత్రువులయ్యారు. సభ్యులు ఇరవై లక్షలకు పైనే అని చరిత్రకారుల అంచనా. ఇండియానా వంటి ఉత్తరాది రాష్ట్రాల్లో కూడా అది రాజ్యమేలింది. డాక్టర్లు, దుకాణదారులు, చర్చి పెద్దలు, అంటే ఇరుగుపొరుగులో మర్యాదస్థులనిపించుకునేవాళ్ళే, అందులో చేరారు. 1925లో ఇండియానా నాయకుడు ఒక యువతి హత్య కేసులో జైలుకు పోయాక గాని దాని పరపతి కూలలేదు.

ఆ కాలంలోనే మన ప్రస్తావన వచ్చింది. 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. ఆయన పంజాబునుంచి వచ్చి అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటి చట్టం ప్రకారం వలసవచ్చినవారిలో తెల్లవారికీ, ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే పౌరసత్వం. ఆయన పక్షం ఆ నియమమే అన్యాయమని వాదించలేదు. ఆయన ఆర్యుడనీ, అగ్రకులస్థుడనీ వాదించింది. తెల్లవాడు నల్లవారితో వియ్యమందడానికి ఎంత ఏవగించుకుంటాడో, అగ్రకులస్థుడు మన దేశపు ఆదివాసులతో వియ్యానికి అంత ఏవగించుకుంటాడని కూడా కోర్టుకు రాసి ఇచ్చింది. కోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. సామాన్యుడి వాడుకలో భారతీయుడు తెల్లవాడు కాడు పొమ్మంది. అంతకుముందు పౌరసత్వం పొందిన మనవాళ్ళలో అనేకమందికి అది కూడా ఊడిపోయింది. 1924 వలసచట్టం ఆసియా వారికి తలుపు మరింత బిగించింది. ఆ చట్టాన్ని క్లాన్ గట్టిగా బలపరిచింది. అయితే క్లాన్ ఒక్కటే కాదు, జాతుల ఎక్కువ తక్కువలు శాస్త్రమని చెప్పిన పెద్ద చదువులవాళ్ళు కూడా బలపరిచారు.

ఈ కేసు గుర్తొచ్చినప్పుడల్లా మనకు సిగ్గు కలగాలి. మెట్ల వరసను తప్పనకుండా, అందులో మనకొక పైమెట్టు ఇమ్మని అడిగాం. ఆ మెట్టూ దక్కలేదు.

తలుపు తెరిచినవాళ్ళు వేరు. డిక్సన్ కథకు ఎదురు కథలు చెప్పినవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. విల్మింగ్టన్ ఘోరం మీద చార్లెస్ చెస్నట్ అనే నల్లజాతి రచయిత 1901లోనే నవల రాశాడు. ఐడా బి. వెల్స్ గారు ఊళ్ళు తిరిగి లించింగుల లెక్కలు రాసిపెట్టారు. 1935లో డూబాయిస్ పండితుడు ఆ కాలపు చరిత్రనే తిరగరాశాడు. 1946లో రేడియోలో సూపర్‌మాన్ ముసుగుల మూకతో తలపడ్డాడు, ఆ కథలో ఆ మూక కన్నుపడింది ఒక చైనా కుటుంబం మీద. తరువాత వీధుల్లో నడిచినవాళ్ళు వచ్చారు. 1963లో బర్మింగ్‌హాంలో క్లాన్ మనుషులు చర్చికి పెట్టిన బాంబుకు నలుగురు ఆడపిల్లలు బలయ్యారు. ఆ పోరాటంతోనే 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం, అదే ఏడు అక్టోబరులో కొత్త వలసచట్టం వచ్చాయి. మన డిగ్రీలు పట్టుకుని మనం వచ్చింది ఆ చివరి చట్టం మీదే. మన కష్టం మనదే, కాని ఆ తలుపు కోసం కష్టపడ్డవాళ్ళు వేరే ఉన్నారు.

చెడు కథ చావలేదు. 1978లో విలియం పియర్స్ మారుపేరుతో రాసిన "టర్నర్ డైరీస్" అనే జాతియుద్ధపు నవలను నెత్తిన పెట్టుకున్నవాడే 1995లో ఓక్లహోమా సిటీలో 168 మందిని చంపాడు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో మన తెలుగు ఇంజనీరొకరిని, నా దేశం వదిలిపొమ్మంటూ, ఒకడు కాల్చి చంపాడు. ఆ రాత్రి హంతకుణ్ణి పట్టుకోబోయి తూటాలు తిన్నవాడు అక్కడి తెల్ల యువకుడే. మనం ఎవరినీ రంగును బట్టి లెక్కగట్టరాదనడానికి అది చాలు.

కాబట్టి పిల్లలు ఆ బొమ్మ చూపించి అడిగినప్పుడు దాటవేయకుండా కూర్చోబెట్టి చెబుదాం. ఒక అబద్ధపు కథను లక్షలమంది నమ్మితే ఏమయిందో చెబుదాం. థిండ్ కేసు కూడా చెబుదాం, మన పక్షం చేసిన వాదనతో సహా. ఆ తరువాత మన ఇంట్లో, మన విందుల్లో నల్లవారిని గురించి, మన దేశపు కులాలను గురించి మాటలు దొర్లేటప్పుడు, ఆ పిల్లలు వింటూనే ఉంటారని గుర్తుంచుకుందాం.