పళ్ళ డాక్టరూ, చెక్ జావా ఒడ్డూ

పోయినేడు మా కారిడార్లోని కరివేపాకు చెట్టుకి తేనెపిట్ట గూడు కట్టింది. సింగపూర్ హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఇదేమంత వింత కాదు. మనుషులు తిరిగే చోటైతే పిల్లలకి భద్రమని ఆ పిట్టల లెక్క కాబోలు. అది ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో చెట్టు మీద చెయ్యి వెయ్యడం నిషేధం. ముస్తఫాలో కరివేపాకు కొనుక్కొచ్చి పోపు వేసుకున్నాం. నేను మాత్రం తలుపు ఓరగా తీసి ఫోన్‌తో రెండువందల ఫోటోలు తీశాను. చూడదగ్గవి నాలుగు.

"అదే పిట్ట కదా, ఇన్నెందుకు?" అంది మా ఆవిడ.

నిజమే. పొద్దున్న నడకకి వెళ్ళినా అంతే. ఉడుములూ, గోరువంకలూ, లకుముకిపిట్టలూ, వాటి వెనక పరుగెత్తే నేనూ. ఎందుకంటే చెప్పలేకపోయాను. నాకంటే ముందు ఈ ఊళ్ళో ఈ పని చేసినవాళ్ళెవరా అని వెతుకుతూ కూర్చున్నాను.

కెమెరాలు పుట్టకముందే ఈ పిచ్చి ఉంది. సింగపూర్‌కి మొదటి రెసిడెంట్ విలియం ఫార్క్వర్. అంతకుముందు మలక్కాలో అధికారిగా ఉన్నాడు. ఆ ప్రాంతంలోని చెట్లనీ, చేపల్నీ, పక్షుల్నీ, జంతువుల్నీ చైనా చిత్రకారుల చేత రంగుల్లో గీయించాడు. మొత్తం 477 బొమ్మలు. లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీకి వాటిని ఇచ్చేశాడు. 1993లో వేలానికి వస్తే గో గియోక్ ఖిమ్ అనే సింగపూర్ వ్యాపారి కొని ఇక్కడి నేషనల్ మ్యూజియంకి ఇచ్చాడు. అన్నిటికీ కలిపి ఫార్క్వర్ సేకరణ అని పేరు. కళ్ళు చిట్లించుకుని ఈకా ఈకా గీసినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. గీయించినవాడి పేరు నిలిచింది, గీసినవాడి పేరు పోయింది. మన గుడి గోపురాల సంగతీ ఇంతేగా.

1854లో వచ్చిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ బుకిట్ తిమా గుట్ట మీద రెండు నెలల్లో దాదాపు 700 రకాల పెంకుపురుగుల్ని పట్టాడు. ఆయనది వలా, సూదీ పద్ధతి. పట్టి, చంపి, పెట్టెలో గుచ్చడమే రికార్డు.

ఆ రోజుల్లోనే ఇక్కడ హార్న్‌బిల్ కనుమరుగైంది. నెత్తిన కొమ్ములాంటి డిప్ప ఉండే పెద్ద పక్షి. పెద్ద మానులో తొర్ర దొరికితేనే గుడ్లు పెడుతుంది. ఆడపక్షి లోపల కూర్చుని తొర్ర నోరు మూసేసుకుంటుంది, మగపక్షి చిన్న సందులోంచి తిండి అందిస్తుంది. మానులు కొట్టేస్తే ఇక సంసారం ఎక్కడ? 19వ శతాబ్దం సగానికి ఇక్కడ లేకుండా పోయిన పక్షి 1994లో పులావ్ ఉబిన్ దీవిలో మళ్ళీ కనిపించింది. తర్వాత ఎంగ్ సూన్ చై అనే వైద్యుడూ, మార్క్ క్రెమాడెస్ అనే పరిశోధకుడూ పూనుకుని, పార్కుల శాఖతో కలిసి చెట్లకి గూడుపెట్టెలు కట్టారు, లోపల కెమెరాలు పెట్టి గమనించారు. ఆ వైద్యుడి వృత్తి సంతానం లేనివాళ్ళకి చికిత్స చేయడం! నేను కల్పించి రాసుంటే అతి చేశావనేవారు. పాసిర్ రిస్ పార్కులో నాకు కనిపించే హార్న్‌బిల్ జంటని చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

అదే ఉబిన్ దీవి తూర్పు కొసన ఉంది చెక్ జావా. అసలు చెప్పాలనుకున్నది దీని గురించే.

సముద్రం తీసినప్పుడు తేలే బురద, ఇసుక, సముద్రపు గడ్డి, రాళ్ళు, మడచెట్లు, ఒడ్డున అడవి, ఇవన్నీ పక్కపక్కనే ఉన్న చోటు. పోటు మీద చూస్తే నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. అందుకే దాన్ని పూడ్చి నేల చెయ్యాలని ప్లాను వేసినప్పుడు చాలామందికి పోయేదేమిటో తెలీదు. 2000 డిసెంబరులో జోసెఫ్ లై అనే వృక్షశాస్త్రజ్ఞుడు పిల్లల్ని తీసుకుని వెళ్ళి, నీళ్ళు తీశాక అక్కడున్నది చూసి నిర్ఘాంతపోయాడు. పూడిక పని 2001 చివర్లో మొదలవ్వాలి. ఉన్నది ఒక్క ఏడాది.

ఆ ఏడాది జరిగింది ధర్నాలూ రాస్తారోకోలూ కాదు, ఈ ఊరి పద్ధతి వేరు. మ్యూజియం వాళ్ళూ, వాలంటీర్లూ ఆటు చూసుకుని వెళ్ళి, గీతలు గీసి, ఏ గజంలో ఏముందో లెక్క రాశారు. ఫోటోలు తీశారు. వాళ్ళలో చువా ఈ కియామ్ ఒకడు. వృత్తికి పళ్ళ డాక్టరు. 1993 నుంచీ సింగపూర్ ప్రకృతి మీద ఫోటో పుస్తకాలు తెస్తున్నవాడు. నక్షత్రచేపలూ, తివాచీలా పరుచుకునే సముద్రపు పువ్వులూ పేపర్లకెక్కాయి. ఇక కనబడదేమోనని జనం చూడ్డానికి పోటెత్తారు. అభ్యర్థనలు మంత్రిగారి దాకా వెళ్ళాయి. 2001 డిసెంబరులో, అంటే పని మొదలయ్యే ముంగిట, ప్రభుత్వం ఆగింది. 2002 జనవరిలో ఖరారు చేసింది. అభివృద్ధికి ఉబిన్ అవసరం పడనంత కాలం పూడ్చరట. రద్దు కాదు, వాయిదా. ఆ మాట ఇప్పటికీ నాకు కాస్త గుచ్చుకుంటుంది. చువా పుస్తకం ఆ ఏడాదే వచ్చింది.

కథ అక్కడితో సుఖాంతమూ కాలేదు. 2006 చివర్లో, 2007 మొదట్లో జొహోర్‌లో కుండపోత వానలు. నది మంచినీళ్ళు వచ్చిపడి ఉప్పు తగ్గి, చెక్ జావాలో జీవాలు గుట్టలుగా చచ్చిపోయాయి. వాలంటీర్లు మళ్ళీ వెళ్ళి చచ్చినవాటినీ ఫోటోలు తీశారు, లెక్కపెట్టారు. ముందరి లెక్కలు ఉన్నాయి కాబట్టే ఎంత పోయిందో, తర్వాత ఏది తిరిగొచ్చిందో తెలిసింది. నడకవంతెన తెరిచింది ఆ 2007లోనే.

మొన్న చాంగి రేవులో పడవెక్కి వెళ్ళాను. పన్నెండుమంది పోగయ్యేదాకా పడవ కదలదు, మన ఊరి షేర్ ఆటోలాగే. వంతెన మీద నిలబడి ఎండ్రకాయని ఫోటో తీస్తుంటే మా ఊరి చెరువు గుర్తొచ్చింది.

గుడివాడ దగ్గర మా ఊరు. ఆ చెరువు పూడ్చి ప్లాట్లు వేసి చాలా ఏళ్ళయింది. అందులో ఎర్రకలువలు ఉండేవని నేనంటాను, తెల్లవని మా అన్నయ్య అంటాడు. శీతాకాలం బాతులు దిగేవి. ఏ బాతులో మా ఇద్దరికీ తెలీదు. అడుగుదామంటే నాన్న లేరు. లెక్క రాసినవాడు లేడు, గీసినవాడు లేడు.

రేవు నుంచి తిరిగొచ్చిన రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసి ఆల్బమ్ వెతికించాను. గట్టు మీద అమ్మా, పిన్నీ నిలబడ్డ ఫోటో ఒకటి దొరికింది. వాట్సాప్‌లో పంపాడు. అమ్మ భుజం వెనక బెత్తెడు నీళ్ళు. పెద్దది చేసి చూస్తే ఆ నీళ్ళ అంచున ఒక తెల్లచుక్క. కొంగ అంటాను నేను. ఫోటోకి పట్టిన బూజురా అంటాడు అన్నయ్య. అసలు ఫోటోని స్కాన్ చేయించి పంపమన్నాను. ఇంకా రాలేదు.