గాలి తగ్గిన చక్రము

రెండెడ్ల బండి తోలిన పెద్దలకు ఒక సంగతి తెలియును. కాడికి కట్టిన యెడ్లలో ఒకటి వెనుదీసినచో బరువంతయు రెండవదాని మెడపై బడును. ముందుగా కూలునది ఆ బలమైన యెద్దే. 1991వ సంవత్సరమున అరేబియాలో జరిగిన యొక విమాన ప్రమాదమును గూర్చి నేను చెప్పబోవుచున్నాను. దానికి మూలము ఇట్టిదే.

జెడ్డా ఎర్రసముద్రపు టొడ్డున నున్న రేవుపట్టణము. మన హైదరాబాదు నుండి హజ్జునకు పోవువారిలో పెక్కుమంది అచ్చటనే విమానము దిగుదురు. ఆ యేడు జూలై 11వ తేదీ ఉదయమున, హజ్జు ముగించుకొని నైజీరియా దేశపు సొకోటో నగరమునకు మరలిపోవు 247 మందితో ఒక డి.సి.-8 విమానము అచ్చటినుండి బయలుదేరెను. సిబ్బంది 14 మంది. నైజీరియా ఎయిర్‌వేస్ వారికై దానిని నడపినది నేషనైర్ అను కెనడా సంస్థ.

ఇచ్చట చక్రముల యమరికను కొంత వివరింపవలెను. ఆ విమానపు రెక్కల క్రింద ఇరుప్రక్కల పెద్ద కాళ్లు రెండు. ఒక్కొక్క కాలికి నాలుగు చక్రములు, ఇరుసునకు రెండు చొప్పున. టైరులలో మంటకు తోడుపడని నైట్రోజను వాయువును నింపుదురు. ఎడమకాలి ముందరి యిరుసుపై నున్న జతలో రెండవ టైరునకు ఈ వాయువు చాలకుండెను. జత టైరు ఇరుసును నిలిపియుంచును గనుక అట్టి లోపము కంటికి ఆనదు; కొలిచి చూడవలసినదే. కొలువకపోలేదు. 7వ తేదీననే మరమ్మతు పనివారి పెద్దకు ఈ కొరత తెలిసెను. నింపుటకు నైట్రోజను అందుబాటులో లేదు. దానికై యాగినచో ప్రయాణము ఆలస్యమగును. ఆ యాలస్యమునకు అచ్చటి నిర్వాహకుడు సమ్మతింపలేదు. విమానము అట్లే తిరిగెను. తెలియక చేసిన తప్పునకును దీనికిని గల భేదమును శ్రోతలు గమనింపవలెను.

ఆ యుదయము విమానము పైకి లేచుటకై పరుగెత్తుచుండగా, జత బరువును తానే మోసిన మొదటి టైరు వేడెక్కి పగిలెను. వెంటనే రెండవదియు పోయెను. ఒక చక్రము తిరుగుట మాని నేలను ఒరసికొనుచు పోగా, ఆ రాపిడికి నిప్పు పుట్టెను. చప్పుడు విని నడుపువారు టైరు పోయినదేమో యని శంకించిరి. కాని చక్రపు గూటిలో నిప్పు సంగతి తెలుపు సాధన మేదియు లేదు. విమానము లేచినది, వాడుక చొప్పున కాళ్లను లోనికి ముడిచిరి. మండుచున్న చక్రము కడుపులోనికి బోయినది!

లోపలి గాలి యొత్తిడి తగ్గుచున్నదని వారు క్రింది యధికారికి తెలిపిరి. అదే సమయమున వేరొక విమానమువారును అట్టి చిక్కునే తెలుపుటచే ఆ యధికారి ఇది యదియని భ్రమపడెను. మరలి వచ్చుచుండగా, విమానాశ్రయమునకు ఇంకను 18 కిలోమీటర్ల దూరమున గది నేల కాలిపోయి, జనులు జారిపడిరి. దిగవలసిన బాటకు దాదాపు మూడు కిలోమీటర్ల యీవల విమానము కూలెను. లేచినది మొదలు పట్టిన కాలము సుమారు పది నిమిషములు. 261 మందిలో ఒక్కరును మిగులలేదు.

ఒక కెనడా సంస్థ విమానమునకు ఇంత ప్రాణనష్టము మున్నెన్నడును కలుగలేదు. నేషనైర్ 1993లో మూతపడెను.