శీతకాల సాగరస్నానము - శ్రీహరికోట తీరభూమి

మాఘమాసము వచ్చినదనగా తెలుగువారి ఇండ్లలో వేకువజాము చన్నీటి స్నానముల ప్రస్తావన వచ్చును. ఏరు దగ్గరనున్నవారు ఏటికి, చెరువు దగ్గరనున్నవారు చెరువునకు పోవుదురు. నెల్లూరు సీమవారికి సముద్రము చేరువ. పుష్యబహుళ అమావాస్యనాడు ఆదివారము, శ్రవణ నక్షత్రము, వ్యతీపాత యోగము కలిసివచ్చినచో దానిని అర్ధోదయమందురు. వానిలో ఒకటి కొరవడినచో మహోదయమందురు. అట్టి పర్వములందును, మాఘపూర్ణిమయందును సాగరస్నానము ప్రశస్తమని పెద్దలు చెప్పుదురు. పర్వము కాని దినములలో సముద్రమున మునుగరాదను కట్టుబాటు కూడ కలదు.

చలికాలమున సముద్రస్నానము సాహసమువలె తోచును. కాని నేల రాత్రివేళ త్వరగా చల్లబడును, సముద్రజలము నెమ్మదిగా చల్లబడును. కనుక మన తీరమున ఆ వేకువవేళ గాలికంటె నీరే వెచ్చగా నుండును. అసలు వణుకు నీటిలో దిగునప్పుడు కాదు, తడిబట్టలతో ఒడ్డునకు వచ్చునప్పుడు పుట్టును.

ఈ స్నానమునకు పట్టా అక్కరలేదు. ఒడ్డున నిలిచి సంకల్పము చెప్పుకొనువానిని, ఈ నేలపై నీకేమి హక్కు కలదని అడుగువారు లేరు. అయినను ఆ నీటి అంచున నున్న నేలకొరకు నాలుగు వందల ఏండ్లుగా ఎందరో యత్నించిరి. శ్రీహరికోట పరిసరములు అందుకు మంచి నిదర్శనము.

శ్రీహరికోట ఒక పొడవైన ఇసుక దీవి. చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్నది. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాట్ సరస్సు. ఈ సరస్సును ఆ ప్రాంతపు తెలుగువారు ప్రళయకావేరి అనియు పిలుతురు. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండిన ఈ దీవి 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది.

సరస్సునకు దక్షిణపు కొసన, పులికాట్ పట్టణమున, మొదట కాలూనినవారు డచ్చివారు. చంద్రగిరి నేలిన వేంకటపతిరాయల అనుమతి 1610లో పొంది, 1613 నాటికి గెల్డ్రియా అను కోట కట్టుకొనిరి. ఆంగ్లేయులు అచ్చటనే వర్తకము చేయజూచిరి గాని డచ్చివారితో పొత్తు కుదరలేదు. అంతట వారు దీవికి ఉత్తరముననున్న దుగరాజపట్టణమునకు వచ్చి, స్థానిక నాయకుని అనుమతితో 1626లో వర్తకస్థానము నెలకొల్పిరి. వారి వ్రాతలలో దాని పేరు ఆర్మగాన్. కోరమండల తీరమున ఆంగ్లేయులు ఫిరంగులతో భద్రపరచుకొన్న మొదటి స్థలము అదియే. అచ్చట సముద్రములో నొక ఇసుకతిప్ప కలదు. దాని చాటున ఓడలు నిమ్మళముగా లంగరు వేయవచ్చును.

ఓడలకు అనువైనను ఆ స్థలము వర్తకులకు కలిసిరాలేదు. వారికి కావలసిన వస్త్రములు దక్షిణమున చౌకగా దొరకుచుండెను. అందుచే ఆర్మగాన్ అధికారి ఫ్రాన్సిస్ డే మరియొక చోటు వెదకి, 1639 ఆగస్టు 22వ తేదీన దామెర్ల వేంకటాద్రి నాయకుని నుండి ఒక ఇసుక తీరమునకు కౌలు సంపాదించెను. మరుసటి యేట ఆంగ్లేయులు అక్కడికి తరలిపోయిరి. నాయకుని తండ్రి చెన్నప్ప పేరనే అది చెన్నపట్టణమైనది. రేవైనను లేని ఆ తీరము మహానగరమాయెను. మంచి లంగరుచోటుగల దుగరాజపట్టణము పల్లెగానే నిలిచెను. తీరభూమి విలువను నీరు ఒక్కటియే నిర్ణయింపదు, దాని వెనుకనున్న ఊళ్ల మగ్గములు కూడ నిర్ణయించును.

ఈ రెండు రేవుల నడుమ శ్రీహరికోట అడవిలో యానాదులు బ్రతుకుచుండిరి. తేనె, దుంపలు, మూలికలు, చేపలు వారి జీవనాధారములు. ఏ చెట్టు వేరు ఏ రోగమునకు పనిచేయునో వారికి తెలియును గాని, ఆ నేల తమదని చూపుటకు కాగితము వారికి లేదు. 1835లో ఆంగ్ల ప్రభుత్వము ఈ దీవిని స్వాధీనపరచుకొనెను. పిమ్మట ఇక్కడి వంటచెరకు బకింగ్‌హాం కాలువ పడవలలో చెన్నపట్టణపు పొయ్యిలకు చేరుచుండెను.

1969లో విక్రమ్ సారాభాయి ఆధ్వర్యమున భారత అంతరిక్ష శాస్త్రజ్ఞులు రాకెట్ల ప్రయోగమునకు ఈ దీవిని ఎన్నుకొనిరి. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గనుక, తూర్పువైపు ప్రయోగించిన రాకెట్టునకు ఆ వేగము కలిసివచ్చును. కాలిపోయిన భాగములు ఊళ్లమీద పడక సముద్రములో పడును. సుమారు 43,360 ఎకరముల నేల, 50 కిలోమీటర్ల తీరము ఈ కేంద్రము క్రిందికి వచ్చెను. దీవిలోని పల్లెలను ఖాళీ చేయించవలసి వచ్చెను. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు ఎగిరెను. 1980 జూలై 18న మన రాకెట్టు మన ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. దేశమునకు ఇది గర్వకారణము. ఆ గర్వములో పల్లె విడిచినవారి త్యాగమునకును భాగము కలదని మేము తలతుము.

నేడు తీరభూమిని కొనువారికి వర్తకము గాని రాకెట్టు గాని ప్రధానము కాదు. కిటికీ తెరచిన సముద్రము కనబడవలెనని వారి కోరిక. ఆ కోరిక తప్పు కాదు. కాని రెండు సంగతులు తెలిసియుండవలెను. పోటునీటి గుర్తుకు దిగువనున్న సముద్రగర్భము ప్రభుత్వపు ఆస్తి అని 1905నాటి మద్రాసు భూఆక్రమణ చట్టము ప్రకటించినది. 1991నాటి తీరప్రాంత నిబంధనలు ఆ గుర్తునుండి 500 మీటర్లవరకు కట్టడములపై అదుపు పెట్టి, పల్లెప్రాంతములలో మొదటి 200 మీటర్లు ఖాళీగా నుంచుమనినవి. 2019లో జనసాంద్రత ఎక్కువగల పల్లెలకు షరతులతో దానిని 50 మీటర్లకు తగ్గించిరి.

ఇట్లు తడి ఇసుక ఎవరికిని అమ్ముడుపోదు. అయినను స్నానమునకు పోవువానికి కావలసినది ఒడ్డు మాత్రమే కాదు, ఒడ్డునకు దారి. వల భుజమున వేసికొని పోవు జాలరికిని అంతే. ఆ దారి తరచుగా కాగితములలో నుండదు, జనుల నడకలో నుండును. యానాదుల అడవి విషయమున జరిగినదియు ఇదియే. ఇప్పుడు తీరమున నేల కొనువారు ధర విచారించుటతో పాటు, పల్లె పెద్దలను పిలిచి, పర్వదినమున జనులు ఏ బాటను సముద్రమునకు పోవుదురో అడిగి తెలిసికొని, ఆ బాటను వదలి ప్రహరీ కట్టుకొనవలెను. అది చేసినచో మాఘపు వేకువన వచ్చు ముసలమ్మ తిరిగిపోవలసిన పని యుండదు.