పార్కు లేని లే అవుట్, పద్నాలుగు శాతం

మా నాన్నగారు 2006లో హైదరాబాదు శివార్లలో 200 గజాల ప్లాటు కొన్నారు. అప్పుడు నేనింకా స్కూల్లో ఉన్నాను. బ్రోచర్లో పచ్చరంగు వేసిన పార్కు భలే ఉండేది. సర్పంచి సంతకం ఉంది, పంచాయతీ ముద్ర ఉంది, స్టాంపు డ్యూటీ కడితే రిజిస్ట్రేషనూ అయిపోయింది. ఇంకేం కావాలి?

అది అనధికార లే అవుట్ అని మాకు 2020లో తెలిసింది. పార్కు స్థలం కూడా ఎప్పుడో ప్లాట్లుగా అమ్ముడుపోయింది. ఇందులో నాన్నగారి తప్పేంటా అని పాత చట్టాలు, జీవోలు చదవడం మొదలెట్టాను. చదివే కొద్దీ ఇది ఒక్క ప్లాటు కథ కాదని అర్థమైంది.

1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది, దాని కింద హుడా పుట్టింది. అప్పట్లో హుడా పరిధిలో లే అవుట్ వెయ్యాలంటే హుడా అనుమతి ఉండాల్సిందే, సర్పంచి సంతకం ఒక్కటే చెల్లేది కాదు. కానీ ఊళ్ళో కొనేవాడికి కనపడేది సర్పంచి, హుడా కాదు. పైగా హుడా ఎన్నికైన సంస్థ కాదు, రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉండేది.

ఆ మరుసటి ఏడాదే, 1976లో, పట్టణ భూ పరిమితి చట్టం. హైదరాబాదులో ఒకరికి 1000 చదరపు మీటర్ల ఖాళీ స్థలం, మిగిలింది సర్కారుకి. ఉద్దేశం మంచిదే. కానీ 20వ సెక్షన్ కింద మినహాయింపులిచ్చే అధికారం మళ్ళీ రాష్ట్రానిదే. కొన్ని భూములకి మినహాయింపులొచ్చాయి, కొన్ని కోర్టుల్లో చిక్కుకున్నాయి, కొన్ని ముక్కలై చేతులు మారాయి. చివరికి 2002లో 455, 456 జీవోలు వచ్చాయి. మిగులు భూమి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు డబ్బు కట్టి ఉంచేసుకోవచ్చు! కేంద్రం ఆ చట్టాన్ని 1999లోనే రద్దు చేసినా మన దగ్గర 2008 దాకా నడిచింది.

మధ్యలో ఒక మంచి అవకాశం వచ్చింది. 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకి ఇవ్వదగ్గ 18 పనుల జాబితా ఇచ్చింది. అందులో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. కానీ ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టం. అసలు అధికారం సెక్రటేరియట్ లోనే ఉండిపోయింది. 2006లో 86వ జీవోతో ఎఫ్.ఎస్.ఐ. పరిమితి తీసేసి, రోడ్డు వెడల్పుని బట్టి బిల్డింగ్ ఎత్తు అన్నారు. మన ఐటీ కారిడార్లో ఇవాళ కనిపించే ఆకాశహర్మ్యాల వెనక ఆ మార్పు ఉంది. ఊరి రూపం మార్చడానికి ఒక్క జీవో సరిపోయింది.

మరి రూల్ తప్పినవాళ్ళ సంగతి? 2007 డిసెంబరు 31న 901, 902 జీవోలు: భవనాలకి బీపీఎస్, ప్లాట్లకి ఎల్ఆర్ఎస్. తెలంగాణ వచ్చాక 2015లో మళ్ళీ. 2020లో మళ్ళీ, ఈసారి 25 లక్షలకు పైగా దరఖాస్తులు! అటు ఆంధ్రలోనూ 2020లో ఇలాంటి పథకమే వచ్చింది.

మన భాషలో చెప్పాలంటే, డేటా ఎంట్రీ దగ్గర వాలిడేషన్ పెట్టకుండా, కొన్నేళ్ళకోసారి స్క్రిప్టు రాసి డేటాబేస్ శుభ్రం చేస్తున్నాం. ఆ స్క్రిప్టుకి ఫీజు కూడా వస్తుంటే ఇక వాలిడేషన్ రాసే తొందర ఎవరికుంటుంది చెప్పండి?

క్రమబద్ధీకరణే వద్దని నేననను. జీవితాంతం కూడబెట్టి కొనుక్కున్నవాళ్ళని రోడ్డున పడెయ్యలేం. నా బాధల్లా ఎవరు కడుతున్నారన్నదే. లే అవుట్లో 10 శాతం ఖాళీ స్థలం వదలకపోతే, రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టాలి. స్థలం మింగినవాడు కాదు, ప్లాటు కొన్నవాడు! లే అవుట్ వేసినాయన డబ్బు చేసుకుని వెళ్ళిపోయాడు, పంచాయతీని అడిగితే మాకు సంబంధం లేదంటుంది. అనుమతి ఇచ్చే అధికారం, అడ్డుకునే బాధ్యత రెండూ ఒకే చోట, జనం నిలదీయగలిగే చోట ఉండి ఉంటే ఆ లే అవుట్ పుట్టేదే కాదేమో.

అందుకే మీరు గానీ ప్లాటు కొనబోతుంటే సర్పంచి సంతకం చూసి మురిసిపోకండి. లే అవుట్ అనుమతి నంబరు అడగండి, దాన్ని ఇచ్చిన సంస్థ దగ్గరే సరి చూసుకోండి.

2025లో 25 శాతం రాయితీ ఇస్తే మేమూ కట్టేశాం. రసీదు చేతిలో పట్టుకుని నాన్నగారు అడిగారు, "సరే, ఇంతకీ పార్కు ఎక్కడ కడతార్రా?" అని. నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.