సర్విక్స్

సర్విక్స్ అనేది శరీర నిర్మాణ శాస్త్రంలో వాడే లాటిన్ పదం. దీనికి మెడ అని అర్థం. వైద్యులు విడిగా సర్విక్స్ అన్నప్పుడు సాధారణంగా గర్భాశయ గ్రీవాన్ని, అనగా గర్భాశయం కింది భాగాన యోనిలోకి చొచ్చుకొని ఉండే సన్నని భాగాన్ని ఉద్దేశిస్తారు. అయితే దీనినుండి ఏర్పడిన సర్వైకల్ అనే విశేషణం తలను, మొండేన్ని కలిపే మెడకు కూడా వర్తిస్తుంది. కనుక ఆ విశేషణం తరువాత వచ్చే పదాన్ని చూడనిదే అర్థం తేలదు.

పద చరిత్ర

ప్రాచీన రోమనులు ఈ పదాన్ని కెర్విక్స్ అని పలికేవారు. తెలుగులోకి వచ్చినది ఆంగ్ల ఉచ్చారణ. లాటిన్‌లో మెడకు కొల్లుమ్ అనే మరో పదం కూడా ఉంది. కొల్లుమ్ అంటే మొత్తం మెడ, సర్విక్స్ అంటే ముఖ్యంగా మెడ వెనుక భాగం. పూర్వ రచయితలు సర్విక్స్‌ను ఎక్కువగా బహువచనంలోనే వాడేవారు. ఏకవచనంలో మొదట వాడినవాడు హోర్టెన్సియస్ అనే వక్త అయివుంటాడని క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన అలంకారికుడు క్వింటిలియన్ పేర్కొన్నాడు.

ఈ పాత భేదపు ఛాయ కండరాల పేర్లలో నేటికీ కనిపిస్తుంది. మెడలో వెన్నుపూసలకు ముందువైపున ఉండే కండరం లాంగస్ కోలై. వెనుకవైపున ఉండేవి స్ప్లీనియస్ సర్విసిస్, సెమీస్పైనాలిస్ సర్విసిస్. మిగిలిన చోట్ల ఈ నియమం నిలవలేదు. తొడ ఎముక మెడకు కొల్లుమ్ ఫెమోరిస్ అనీ, పంటి మెడకు సర్విక్స్ డెంటిస్ అనీ పేర్లు. కూజాకు మెడ ఉన్నట్లే, సన్నబడిన ప్రతి భాగాన్నీ మెడగా భావించడం వల్ల వచ్చిన పేర్లివి.

మెడకు సంబంధించిన వాడుక

మెడలో 7 సర్వైకల్ వెన్నుపూసలు ఉంటాయి. పొడవు మెడ గల జిరాఫీకి కూడా ఇవి ఏడే. సర్వైకల్ నాడులు మాత్రం 8 జతలు. మొదటి జత తొలి వెన్నుపూసకు పైనుండి, ఎనిమిదవ జత ఏడవ వెన్నుపూసకు కిందినుండి వెలువడడమే ఇందుకు కారణం. విద్యార్థులు తరచూ పొరబడే అంశమిది. వయసుతోపాటు ఈ వెన్నుపూసలు, వాటి మధ్య ఉండే డిస్కులు అరగడాన్ని సర్వైకల్ స్పాండిలోసిస్ అంటారు. దీనికీ, సర్వైకల్ క్యాన్సర్‌కూ ఏ సంబంధమూ లేదు. మందుల చీటీలో మొదటి పదాన్ని మాత్రమే చదివినవారు మెడనొప్పిని క్యాన్సర్‌గా భ్రమించే అవకాశం ఉంది. ఇందుకు విరుద్ధమైన పొరపాటు మరింత ప్రమాదకరం.

గర్భాశయానికి సంబంధించిన వాడుక

గర్భాశయ గ్రీవం పూర్తి లాటిన్ పేరు సర్విక్స్ యుటెరై. ప్రసవ సమయంలో ఇది సుమారు 10 సెంటీమీటర్ల వరకు తెరుచుకుంటుంది. ఇక్కడ వచ్చే క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాలలోను హ్యూమన్ పాపిలోమా వైరస్ కారణం. ఈ సంబంధాన్ని కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. భారతదేశ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ తరువాత ఎక్కువగా కనిపించేది ఇదే. టీకాతో దీనిని చాలావరకు నివారించవచ్చు. పాప్ పరీక్ష ద్వారా కణాలలోని మార్పులను వ్యాధిగా ముదరకముందే గుర్తించవచ్చు.

తెలుగులో

తెలుగు పాఠ్యగ్రంథాలు సర్విక్స్‌కు గ్రీవం అనే పదాన్ని వాడతాయి. సుగ్రీవుడు, దశగ్రీవుడు, హయగ్రీవుడు అనే పేర్లలో ఉన్న సంస్కృత పదమే ఇది. పత్రికలలో, ఆసుపత్రులలో మాత్రం గర్భాశయ ముఖద్వారం అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే ముఖద్వారం ఆ మెడ చివర ఉండే రంధ్రం. లాటిన్‌లో దానికి ఆస్టియం అనే వేరే పేరుంది. అయినా సామాన్య పాఠకునికి గ్రీవం కంటే ముఖద్వారమే సులభంగా బోధపడుతుంది. పైగా ఈ మాట వాడినచోట మెడనొప్పితో పొరబడే అవకాశమే లేదు.