బరువు తగ్గింది, చర్మం మిగిలింది

130 కిలోల మనిషి కష్టపడి 50 కిలోలు తగ్గాడనుకోండి. కొవ్వు కరిగింది, మరి దాన్ని ఇన్నాళ్లూ మోసిన చర్మం? ఏళ్ల తరబడి సాగడంతో అందులోని ఎలాస్టిన్ పోగులు దెబ్బతింటాయి. అందుకే అది తిరిగి ముడుచుకోక పొట్ట కింద మడతగా వేలాడుతుంది. మడతలో చెమట నిలిచి, ఒరుసుకుని, పుండ్లు పడతాయి. వ్యాయామం కండను పెంచుతుంది గాని ఈ చర్మాన్ని బిగించలేదు.

దీన్ని కోసి తీయడం కొత్తేమీ కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి స్త్రీవ్యాధుల వైద్యుడు హోవర్డ్ కెల్లీ, ఒక స్త్రీ పొట్ట నుంచి 7 కిలోలకు పైగా కొవ్వునూ చర్మాన్నీ కలిపి తొలగించిన వైనం 1899లో ప్రకటించాడు. ఆమె బరువు తగ్గి వచ్చిన మనిషి కాదు, మోయలేక వచ్చిన మనిషి! 1957లో వెర్నన్ బొడ్డును కొత్తచోట అమర్చే పద్ధతిని వివరించాడు. 1966లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో జీర్ణాశయ బైపాస్ మొదలుపెట్టారు. అటువంటి చికిత్సలు పెరిగేకొద్దీ వదులు చర్మంతో వచ్చేవారూ పెరిగారు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆలోచనలో ఉంటే ముందు ఇవి అడగండి. బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉందా? పొగతాగడం మానారా? పొగాకు రక్తనాళాలను కుదించి గాయాన్ని మాననివ్వదు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. మచ్చ ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా వస్తుంది. రంగు తగ్గుతుందే గాని పోదు. పుండ్లతో నడవలేని మనిషికి ఆ గీత లెక్కలోది కాదు. అద్దం ముందు బాధపడేవారినీ తప్పుపట్టలేం. కాని మడతకు బదులు మచ్చ వారికి సమ్మతమేనా అన్నది కత్తి పట్టకముందే తేలాలి.